ట్యాబ్ లాక్ తీయించే ముందు ఫోటోలు ఇంకెక్కడున్నాయో చూడండి

ప్రశ్న: నమస్కారమండీ, మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. మా మావగారు కొమ్ము పని చేసేవారు, కొంగలు, రొయ్యలు, దువ్వెనలు ఏవి చేసినా అమ్మేముందు ట్యాబ్‌లో ఫోటో తీసి పెట్టుకునేవారు. డిజైన్లు కూడా అందులోనే ఉన్నాయి. పోయిన వేసవిలో ఆయనకి పక్షవాతం వచ్చింది, ఇప్పుడు మాట కొంచెం వస్తోంది గానీ ట్యాబ్ ప్యాటర్న్ గుర్తు రావట్లేదు. నాలుగేళ్ల కిందట కొన్న సామ్‌సంగ్ ట్యాబ్ అది. పాతపట్నంలో ఒక షాపతను లాక్ తీసేస్తానంటున్నాడు, ఫోటోలు ఉంటాయా అంటే చూద్దాం అంటున్నాడు. ఇవ్వమంటారా?

జవాబు: ఇవ్వకండమ్మా. చూద్దాం అన్నాడంటే రీసెట్ కొడతాడనే అర్థం. లాక్ పోతుంది, దాంతోపాటు ఫోటోలూ పోతాయి, బీరువా తాళం దొరకలేదని బీరువాకే నిప్పు పెట్టినట్టు అవుతుంది. ఇది అతని చేతకానితనం కాదు, ఇప్పటి ట్యాబ్‌లు తయారైన తీరే అంత. ఆండ్రాయిడ్ 10 తో గానీ ఆ తర్వాత గానీ వచ్చిన ప్రతి ట్యాబ్‌లో ఫైళ్లన్నీ ఎన్‌క్రిప్ట్ అయి, అంటే కీ లేకుండా ఎవరూ చదవలేని రూపంలో ఉంటాయి, వాటిని విప్పే కీ ఆ ప్యాటర్న్‌తోనూ లోపలున్న చిప్‌తోనూ ముడిపడి ఉంటుంది, రీసెట్ కొట్టగానే ఆ కీ చెరిగిపోతుంది, ఇక మెమరీ చిప్ ఊడదీసి చదివినా వచ్చేది చెత్తే. కంప్యూటర్‌కి కేబుల్ పెట్టినా లాక్ తీయందే ఫోల్డర్ ఖాళీగానే కనిపిస్తుంది, అది చూసి ఫోటోలు పోయాయని కంగారు పడకండి.

ముందు ట్యాబ్ ఆఫ్ అవకుండా చూసుకోండి, ఛార్జింగ్ పెట్టే ఉంచండి. ఆయన ముఖంతో గానీ వేలితో గానీ తెరుచుకునేలా పెట్టుకుని ఉంటే ఒకసారి ఆయన ముందు పెట్టి చూడొచ్చు, కానీ రీస్టార్ట్ అయితే మొదటిసారి ప్యాటర్నే అడుగుతుంది.

మీరు కూర్చుని ప్యాటర్న్‌లు ఊహించి గీయకండి. తొమ్మిది చుక్కలతో గీయగలిగేవి మొత్తం 3,89,112 ఉన్నాయి. అయిదు తప్పులకి అరనిమిషం ఆగమంటుంది, ఆ తర్వాత ఆగాల్సిన టైమ్ పెరుగుతూ పోతుంది, ఆటో రీసెట్ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే తప్పులు ఎక్కువయ్యాక ట్యాబ్ తనంతట తానే మొత్తం చెరిపేసుకుంటుంది. గీయాల్సింది మావగారే. నోటితో చెప్పలేకపోయినా చేతికి గుర్తుండొచ్చు, రోజూ గీసిన గీత కదా. కుడిచెయ్యి లేవకపోతే ముందు ట్యాబ్ పక్కన పెట్టి కాగితం మీద తొమ్మిది చుక్కలు పెట్టి ఎడమచేత్తో గీయమనండి, తొందర పెట్టకండి, మీ ఇంట్లో ఆయన గీస్తుంటే ఎప్పుడూ పక్కనుండి చూసే పిల్లలుంటే వాళ్లనీ అడగండి. కాగితం మీద రెండు మూడుసార్లు ఒకేలా వచ్చిందే ట్యాబ్ మీద గీయండి. ఆయన శాంసంగ్ అకౌంట్ పెట్టుకుని రిమోట్ అన్‌లాక్ ముందే ఆన్ చేసి ఉంటే, కొన్ని మోడల్స్‌ని నెట్ ఆన్‌లో ఉంటే బయటి నుంచి కూడా తెరవచ్చు, అదీ చూడండి.

ఇక అసలు పని. ఆ ఫోటోలు ట్యాబ్‌లో మాత్రమే ఉన్నాయని మీరెందుకు అనుకుంటున్నారు? పక్కన చిన్న ట్రే ఉంటుంది, పిన్నుతో నొక్కి లాగితే మెమరీ కార్డు ఉందేమో చూడండి. ఉంటే కార్డ్ రీడర్‌లో పెట్టి డీసీఐఎం అనే ఫోల్డర్ తెరవండి, కెమెరా ఫోటోలు కార్డులోకి వెళ్లేలా పెట్టుకుని ఉంటే అన్నీ అక్కడే దొరుకుతాయి. కార్డుని కూడా ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే మాత్రం వేరేచోట తెరుచుకోదు, అప్పుడు ఫార్మాట్ చేయమా అని అడుగుతుంది, వద్దు అనండి.

కార్డు లేకపోతే గూగుల్ ఫోటోస్. ఆయన ఫోన్‌లో అదే జీమెయిల్ ఉండే ఉంటుంది, ఫోటోస్ యాప్ తెరవండి. 2021 జూన్‌కి ముందు కొంచెం సైజు తగ్గించిన ఫోటోలకి జాగా లెక్కే ఉండేది కాదు, తర్వాత 15 జీబీ దాకా ఫ్రీ, అది నిండితే బ్యాకప్ ఆగిపోతుంది, కాబట్టి కొత్తవి లేకపోయినా పాతవి ఉండే అవకాశం ఉంది. పాస్‌వర్డ్ తెలియకపోతే రికవరీ మీ ఇంట్లోంచే, ఆయన వాడిన వైఫైలోనే, ఆయన ఫోన్ నుంచే చేయండి, తెలిసిన చోటు నుంచి అడిగితే గూగుల్ త్వరగా నమ్ముతుంది. ఓటీపీ వచ్చే సిమ్ పోయి ఉంటే డూప్లికేట్ సిమ్ తీసుకోండి, కొత్త సిమ్ వేశాక ఒక రోజంతా ఎస్‌ఎమ్‌ఎస్‌లు రావు, ఓటీపీ రాలేదని హడావిడిగా మళ్లీ మళ్లీ నొక్కకండి. ఇదంతా మావగారికి చెప్పి, ఆయన సరే అన్నాకే చేయండి, ఆయన అకౌంట్ అది.

ఇంకోటి, కొనేవాళ్లకి వాట్సాప్‌లో పంపిన ఫోటోలు. బరంపురం, భువనేశ్వర్ షాపులవాళ్లకి ఆయన పంపే ఉంటారు, వాళ్ల చాట్‌లో పైకి జరుపుతూ పోతే కొంగలూ రొయ్యలూ కనిపిస్తాయి, అడిగితే పంపిస్తారు. క్వాలిటీ కొంచెం తగ్గుతుంది, కానీ ఒక డిజైన్ మళ్లీ చెయ్యడానికి అది చాలు. నాకైతే ఈ డిజైన్ల గురించే బెంగ, అవి ఇంకో చేతికి అందకుండా పోకూడదు. అందుకే ఎక్కడ నుంచి ఒక్కటి దొరికినా వెంటనే రెండుచోట్ల దాచండి, ఒకటి పెన్‌డ్రైవ్‌లో పెట్టండి.

ప్రశ్న: రాయగడ నుంచి రాస్తున్నాను సార్. మా అమ్మాయి ఐప్యాడ్‌కి నిన్ననే పాస్‌కోడ్ మార్చింది, ఇవాళ మర్చిపోయింది. 

జవాబు: నిన్ననేనా, అయితే ఆశ ఉంది. ఐప్యాడ్ ఓఎస్ 17 నుంచి పాస్‌కోడ్ మార్చాక 72 గంటల లోపు పాత పాస్‌కోడ్‌తో కొత్తది పెట్టుకోవచ్చు. తప్పు కోడ్‌లు కొట్టాక వచ్చే స్క్రీన్‌లో పాస్‌కోడ్ మర్చిపోయారా అన్నది నొక్కండి, పాతది అడుగుతుంది. పది తప్పులకి మొత్తం చెరిపేసే సెట్టింగ్ ఒకటి ఉంటుంది, అమ్మాయి ఆన్ చేసిందేమో కనుక్కోండి, ఆలోపు ఎవర్నీ ముట్టుకోనివ్వకండి. గడువు దాటితే ఐక్లౌడ్‌లో ఫోటోలున్నాయో లేదో వేరే ఫోన్‌లో చూసుకున్నాకే ఎరేజ్ గురించి ఆలోచించండి.

ప్రశ్న: గుణుపురం నుంచి. తమ్ముడు తెలియక మా ట్యాబ్ రీసెట్ కొట్టేశాడు. ఇప్పుడు పాత జీమెయిల్ అడుగుతోంది. రికవరీ సాఫ్ట్‌వేర్ కొంటే ఫోటోలు వస్తాయని వీడియోలో చెప్పారు, డబ్బు కట్టమంటారా?

జవాబు: కట్టొద్దు. రీసెట్ అయిన ట్యాబ్ లోంచి పాత ఫోటోలు తీసే సాఫ్ట్‌వేర్ లేదు, ఎందుకో పైన చెప్పాను. పాత జీమెయిల్ అడగడం దొంగతనం జరక్కుండా 2015 నుంచి ఆండ్రాయిడ్‌లో ఉన్న ఏర్పాటు, దాన్ని బైపాస్ చేయించడానికి కూడా ఎవరికీ డబ్బివ్వకండి. ట్యాబ్ ఏ జీమెయిల్ అడుగుతోందో అదే మీకు కావాల్సింది. వేరే ఫోన్‌లో ఆ జీమెయిల్‌తో గూగుల్ ఫోటోస్ తెరవండి, బ్యాకప్ ఆన్‌లో ఉండి ఉంటే రీసెట్ కొట్టినా అక్కడివి పోవు. అక్కడ లేనివి పెళ్లిళ్లకీ పేరంటాలకీ వచ్చిన చుట్టాల ఫోన్లలో వెతకాల్సిందే, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఇవాళే ఒక మెసేజ్ పెట్టండి.