కోనసీమలో నియో నోయిర్ తీయొచ్చా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

చిన్న బడ్జెట్ క్రైమ్ సినిమాల గురించి అడగమన్నాక వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం మన గోదావరి జిల్లాల నుంచే ఉన్నాయి. కొన్నింటికి ఈ నెల జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: అక్కా, మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నలుగురు స్నేహితులం కలిసి ఆరు లక్షలు పోగేశాం. నియో నోయిర్ (చీకటి, నేరం నిండిన పాత నోయిర్ సినిమాల కొత్త తరహా) థ్రిల్లర్ తీయాలని ఉంది. కానీ ఇక్కడ కెమెరా ఎటు తిప్పినా కొబ్బరిచెట్లు, పచ్చటి చేలు. నోయిర్ అంటే నగరం, వాన, రంగు లైట్లు కదా. హైదరాబాద్ వెళ్లి తీయమంటారా? (ఒక డిగ్రీ విద్యార్థి)

వెళ్లొద్దు తమ్ముడూ. మీ డబ్బులో పెద్ద ముక్క గదుల అద్దెకూ తిండికే అయిపోతుంది. పైగా మీకు తెలియని ఊరి గురించి సినిమా తీస్తారు, అది తెర మీద తెలిసిపోతుంది.

1946లో నీనో ఫ్రాంక్ అనే ఫ్రెంచి విమర్శకుడు అప్పటి కొన్ని అమెరికన్ క్రైమ్ సినిమాలను ‘ఫిల్మ్ నోయిర్’ అన్నాడు. ఆ తరహాలో తర్వాత వచ్చినవాటిలో చాలా సినిమాలు తక్కువ డబ్బుతో తీసినవే. సెట్టు సగమే ఉంటే మిగతా సగం చీకట్లో కలిపేసేవారు. వాటికి ప్రాణం నగరం కాదు, కథలో ఉన్న మనిషి. తప్పని తెలిసే ఒక అడుగు వేసి, దాన్ని కప్పిపుచ్చడానికి ఇంకో పది వేసేవాడు. అలాంటివాడు మన డెల్టాలో లేడా?

మీ చుట్టూ డబ్బు ఎలా చేతులు మారుతుందో చూడండి. కువైట్ వీసా అని చెప్పి పుస్తెలతాడు తాకట్టు పెట్టించే ఏజెంట్. యానాం నుంచి రాత్రిపూట దాటే మందు సీసాలు. నదిలో ఇసుక. నన్నడిగితే రొయ్యల చెరువు తీసుకోమంటాను. వైట్ స్పాట్ అనే రొయ్యల జబ్బు తగిలితే పంట మొత్తం పోతుంది, మేత బాకీ మాత్రం అలాగే ఉంటుంది. అప్పు మీద మేత ఇచ్చినవాడే పట్టుబడి రోజున, అంటే చెరువులో రొయ్యలు పట్టే రోజున, సరుకు తనకే అమ్మాలంటాడు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయన్న కౌంటు మీదే రేటు. ఆ కౌంటు రాసే గుమస్తాకు అందరి బాకీలూ తెలుసు. ఒక రాత్రి అతను ఒక అంకె మార్చి రాశాడనుకోండి. మీ కథకు అక్కడి నుంచి దారి దొరుకుతుంది. దీనికి తుపాకీ అక్కర్లేదు, ఛేజింగ్ అక్కర్లేదు.

ఇక లైటు. రాత్రిపూట కొబ్బరితోటను దూరం నుంచి వెలిగించాలంటే మీ ఆరు లక్షలూ చాలవు. లైటు పడకపోతే తెర మీద ఉత్త నలుపే కనపడుతుంది. కాబట్టి తోట, కాలువ, వంతెన కనపడే పెద్ద షాట్లన్నీ పొద్దు కుంకిన తర్వాత ఆకాశంలో నీలం మిగిలి ఉండే ఆ పావుగంట, ఇరవై నిమిషాల్లోనే తీయండి. మనుషుల దగ్గరి షాట్లు బాగా చీకటి పడ్డాక తీసుకోవచ్చు. రోజూ ఆ కాసేపటికి ఒకే ఒక షాట్ పెట్టుకోండి, మధ్యాహ్నమే రిహార్సల్ అయిపోవాలి.

లోపలి సీన్లకు ఒక ఉదాహరణ చెప్తాను. మేత గోడౌన్. వైరుకు వేలాడే ఒకే బల్బు. అది నటుడి నడినెత్తిన ఉంటే కళ్లు రెండూ గుంటల్లా నల్లబడి ముఖం చచ్చిపోతుంది. బల్బును జానెడు ముందుకూ కాస్త పక్కకూ జరపండి. ఒక కన్ను వెలుగులోకి వస్తుంది, రెండోది నీడలోనే ఉంటుంది. గోడకు తెల్ల సున్నం ఉంటే ఆ వెలుతురు తిరిగి రెండో చెంప మీద పడి నీడ పోతుంది. కెమెరాకు కనపడకుండా అటుపక్క నల్ల దుప్పటి కట్టండి. అతను లెక్కల పుస్తకం తెరిస్తే కాగితం మీద పడిన వెలుతురు కిందినుంచి గడ్డానికి తగులుతుంది. ఆ ఒక్క కాగితమే మీ రెండో లైటు.

1995 జనవరిలో పాశర్లపూడిలో గ్యాస్ బావి అదుపు తప్పి (బ్లోఅవుట్) అంటుకుని 65 రోజులు మండింది. అప్పుడు మేం తాటిపాకలో ఉండేవాళ్లం. రాత్రి పెరట్లోకి వెళ్తే మట్టల నీడలు గోడ మీద ఊగేవి, మా నాయనమ్మ ముఖం ఒకవైపే ఎర్రగా కనపడేది, మాట్లాడుతూ ఇటు తిరిగిందంటే మొత్తం నల్లబడేది. మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, ఆ రాత్రుల గురించి చెప్తారు. మన పచ్చదనంలో భయం లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ప్రశ్న: ఏ కెమెరా అద్దెకు తీసుకోవాలి? (భీమవరం)

చీకట్లో పనిచేసేది. ఐఎస్‌ఓ అంటే వెలుతురును కెమెరా ఎంత పట్టుకుంటుందో చెప్పే అంకె; తక్కువ వెలుతురులోనూ బొమ్మ శుభ్రంగా వచ్చే అంకె రెండో బేస్ ఐఎస్‌ఓ. బ్లాక్‌మ్యాజిక్ పాకెట్ 4కేకు అది 3200. సోనీ ఏ7ఎస్ 3కి ఎస్-లాగ్3 అనే రికార్డింగ్ సెట్టింగులో 12800. ఏది తక్కువ అద్దెకు దొరికితే అది తీసుకోండి, కెమెరా పేరు మీద టెన్షన్ పెట్టుకోకండి. షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుతురు పడే సమయం) మాత్రం సెకనులో 1/50లో ఉంచండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 1/48లో తీస్తే ట్యూబ్‌లైట్లు మినుకుమినుకుమనే ప్రమాదం ఉంది. చవక ఎల్‌ఈడీ బల్బులు కొన్ని ఎలా పెట్టినా మినుకుమంటాయి, షూటింగ్ ముందురోజే ఒక్కొక్కటీ కెమెరాలో చూసుకోండి.

ఇంకోటి. ఏసీ గదిలోంచి లెన్స్ తెచ్చి కాలువ గట్టు మీద బ్యాగు తెరిచారంటే మన ఉక్కకు గాజంతా చెమ్మ పట్టేస్తుంది. బ్యాగు మూసే ఉంచి కనీసం అరగంట బయట పెట్టాక తెరవండి. ఇంట్లో దాచుకునే లెన్సుల పక్కన సిలికా జెల్ వేసి డబ్బా గట్టిగా మూయండి, లేకపోతే ఒక్క వానాకాలానికే ఫంగస్ వస్తుంది.

ప్రశ్న: అక్కా, మా సినిమాలో అసలు సీను చెరువు గట్టు మీద, తెల్లవారుజామున. ఏరేటర్ల (చెరువు నీటిలో గాలి కలిపే యంత్రాల) మోతలో డైలాగు వినపడటం లేదు. ఆపమంటే రైతుగారు ఒప్పుకోవడం లేదు. ఎంత ఇస్తే ఆపుతారు? (దర్శకురాలు, ఉండి)

ఎంత ఇచ్చినా ఆపమని అడగకండమ్మా. పగలు నీటిలోని నాచు ఎండకు ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి అదే నాచు ఆక్సిజన్ పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారే ముందు చెరువులో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువ. ఆ సమయంలో ఏరేటర్లు ఆగితే రొయ్యలు పైకి తేలతాయి, ఒక కుటుంబం ఏడాది కష్టం పోతుంది. మన సినిమా కోసం అంత పని చేయకూడదు.

ఆ మోతనే సీనులో వాడుకోండి. గట్టు మీద ఇద్దరు పక్కపక్కనే నిలబడి మాట్లాడుకుంటున్నారు, పదడుగుల దూరంలో మేత చల్లే కుర్రాడికి ఒక్క ముక్క వినపడటం లేదు. బెదిరించడానికి ఇంతకంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది? బెదిరించేవాడు అరవనక్కర్లేదు, చెవి దగ్గరికి వంగితే చాలు. ముందు కుర్రాడి వైపు నుంచి చూపించండి, మోత తప్ప ఏమీ ఉండదు. తర్వాత వాళ్ల ముఖాల దగ్గరికి రండి, అప్పుడే మాట వినపడాలి.

దీనికి పని ఇలా ఉంటుంది: నటులకు కాలర్ మైకులు పెట్టండి. సీను అయిన వెంటనే, ఊపిరి వేడి మీద ఉండగానే, ఇద్దరినీ కారులో కూర్చోబెట్టి అద్దాలు ఎక్కించి, దుప్పట్లు కప్పి అవే డైలాగులు మళ్లీ చెప్పించండి. ఏరేటర్ మోత ఒక్కటే విడిగా రెండు మూడు నిమిషాలు రికార్డు చేసుకోండి. ఎడిటింగులో రెండూ కలిపి మోత ఎంత ఉండాలో మీరే నిర్ణయించుకోవచ్చు. నెల తర్వాత డబ్బింగ్ థియేటర్లో చెప్పిస్తే ఆ వణుకు రాదు.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయి ఉద్యోగం మానేసి, ఎకరం కొబ్బరితోట తాకట్టు పెట్టి సినిమా తీస్తానంటున్నాడు. కాదంటే అన్నం తినడం లేదు. ఏం చెప్పాలి? (ఒక తల్లి, ముమ్మిడివరం)

తోట కాగితాలు ఇవ్వకండమ్మా. ఈ జవాబు అబ్బాయికి చూపించండి, ఇక్కడి నుంచి తనతోనే మాట్లాడతాను.

బాబూ, పేరున్న నటులు లేని సినిమాను కొనేవాళ్లు ముందే దొరకరు. తీసిన ఖర్చుతో సరిపోదు, సినిమాను థియేటర్లకు అందించే డిజిటల్ కంపెనీలకు థియేటర్‌కు ఇంతని కట్టాలి, పోస్టర్లు వేయాలి. ఓటీటీ వాళ్లు తీసుకుంటారన్న నమ్మకం మీద వడ్డీ కట్టలేవు. ఉద్యోగం మానాల్సిన పని కూడా లేదు. క్రిస్టఫర్ నోలన్ మొదటి సినిమా ‘ఫాలోయింగ్’ 1998లో వచ్చింది. అదీ నోయిరే. దాదాపు ఆరు వేల డాలర్లతో, అందరూ వారమంతా ఉద్యోగాలు చేసుకుంటూ శనివారాల్లో కలిసి, ఏడాది పాటు తీశారు. ఫిలిం ఖరీదు కాబట్టి సీన్లన్నీ నాటకంలా ముందే సాధన చేసి ఒకటి రెండు టేకుల్లో ముగించేవారు. చాలా వరకు ఉన్న వెలుతురులోనే తీశారు. నీ జీతంలోంచి నెలనెలా కొంత పక్కన పెట్టు. ముందు మీ ఇంట్లోనే, మీ అరుగు మీదే, ఇద్దరు మనుషులతో పది నిమిషాల సినిమా తీసి నాకు పంపు. తప్పకుండా చూస్తాను, చూసి రాస్తాను.

అమ్మా, వాడి కోరిక చెడ్డది కాదు. షూటింగ్ రోజున పదిమందికి వంట మీరే చేయండి. చిన్న సినిమాకు అంతకంటే పెద్ద సాయం లేదు.

ప్రశ్న: మా కథలో సంక్రాంతి కోడిపందెం ఉంది, హీరో సిగరెట్లు కాలుస్తాడు, కాలువలో శవం తేలుతుంది. పర్మిషన్లు ఎవరి దగ్గర తీసుకోవాలి? (అమలాపురం)

శవంతో మొదలుపెడతాను. తేలే బొమ్మను చూసి ఊళ్లో ఎవరైనా గుండె పట్టుకుంటారు. పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా చెప్పండి, పంచాయతీలో చెప్పండి, ఆ రేవులో బట్టలు ఉతికే ఆడవాళ్లకు మీరే వెళ్లి చెప్పండి. లాకుల దగ్గరైతే ఇరిగేషన్ వాళ్లను అడగాలి. వేసవిలో కాలువలు కట్టేస్తారు, ఆ తేదీలు ముందే కనుక్కోండి, లేకపోతే శవం తేలడానికి నీళ్లుండవు. యానాం వైపు దాటితే అది పుదుచ్చేరి, అనుమతి వేరు.

సిగరెట్ కనపడిన ప్రతిసారీ తెర మీద హెచ్చరిక వేయాలి, మొదట్లోనూ మధ్యలోనూ ప్రకటనలు చూపించాలి. 2023 సెప్టెంబరు నుంచి ఓటీటీలకు కూడా ఇదే నియమం. మంచి మూడ్‌లో ఉన్న షాట్ కింద అక్షరాలు వచ్చి కూర్చుంటాయి. నేనైతే హీరో చేతికి కిళ్లీ కూడా ఇవ్వను, తాళంచెవుల గుత్తి ఇస్తాను.

పందెం నిజంగా తీయొద్దు. జంతువులనో పక్షులనో వాడితే జంతు సంక్షేమ బోర్డు అనుమతి లేకుండా సెన్సార్‌లో ముందుకు కదలదు. నిజమైన పందెం చట్టరీత్యా నేరం, అది చాలక ఒక ప్రాణం పోతుంది. బరి చుట్టూ నిలబడ్డవాళ్ల ముఖాలు తీయండి. ఫ్లడ్‌లైటు కింద దుమ్ము, నోట్లు పట్టుకుని పైకి లేచిన చేతులు, పంచె మీద పడిన ఒక రక్తపు చుక్క. పుంజు అరుపు ఏ పెరట్లోనైనా ఉదయాన్నే రికార్డు చేసుకోవచ్చు. పందెం ఎవరు గెలిచారో పందెంరాయుడి ముఖంలో తెలియాలి.

సెన్సార్‌కు వెళ్లేముందు ఇంకో సంగతి. 2023 సవరణతో యూఏ సర్టిఫికెట్ (పిల్లలు పెద్దల సలహాతో చూడాల్సినది) 7+, 13+, 16+ అని మూడు రకాలైంది. పెద్దలకు మాత్రమే అనే ‘ఏ’ వస్తే టీవీకి అమ్ముకోవడం కష్టం. కత్తి దిగడం చూపించాలా, దిగిన తర్వాత ముఖం చూపించాలా అన్నది స్క్రిప్ట్ దశలోనే తేల్చుకోండి, ఎడిటింగు దాకా ఆగితే కోయడానికి వేరే షాట్ ఉండదు.