నడకకూ దోసెకూ చెల్లుకు చెల్లు కాదు

జయనగర్,
బెంగళూరు.

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య ఆశీస్సులు.

నువ్వు రాసిన వివరాలన్నీ నిదానంగా చదివాను. అయిదడుగుల ఎనిమిది అంగుళాల ఎత్తుకు 92 కిలోల బరువు, కుందలహళ్లి పీజీ హాస్టల్‌లో భోజనం, వారంలో సగం రోజులు రాత్రి పది దాటాక కూడా అమెరికా వాళ్లతో కాల్స్. ఇంత ఒత్తిడి మధ్య అన్నం ఒక్కసారిగా మానేసి, జిమ్‌లో చేరి, పొద్దున గంట, సాయంత్రం గంట కష్టపడుతున్నావు. మొదటి పది రోజుల్లో మూడు కిలోలు తగ్గావని సంబరపడ్డావు. ఆ తరువాత రెండు వారాలు ముల్లు కదలకపోయేసరికి నీరుగారిపోయావు. ఆసుపత్రిలో ఆహార సలహాలు చెప్పే ఉద్యోగంలో నా ఎదుట కూర్చున్నవాళ్లలో చాలామంది నీలాగే మొదలుపెట్టి, నీలాగే మూడో వారంలో దిగాలుపడినవాళ్లే కనుక, నీ ఉత్తరంలో నాకు ఆశ్చర్యం కలిగించినది ఏమీ లేదు.

ముందు ఆ మూడు కిలోల సంగతి చెబుతాను. మన కాలేయంలోనూ కండరాల్లోనూ పిండిపదార్థం గ్లైకోజెన్ రూపంలో కొంత నిల్వ ఉంటుంది, ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతోపాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం హఠాత్తుగా మానేస్తే ఆ నిల్వ కరిగి, దానితోపాటు నీరూ బయటికి పోతుంది. తూకంలో నువ్వు చూసినది చాలావరకు ఆ నీరే. ఆ తరువాత ముల్లు ఆగిపోవడానికి కూడా కొంత కారణం నీరే, ఎందుకంటే అలవాటు లేని బరువులు ఎత్తినప్పుడు నొప్పి పెట్టిన కండరాలు కొన్నాళ్లు నీరు పట్టి ఉంటాయి, లోపల కొవ్వు కరుగుతున్నా పైకి తెలియదు. ఒక కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు ఏర్పడాలి. రోజుకు 500 కేలరీల చొప్పున లోటు పెట్టుకోగలిగితే వారానికి అరకిలో కంటే కాస్త తక్కువ తగ్గుతావు. ఇంతేనా అనకు, కడుపు మాడ్చుకోకుండా, ఉద్యోగం చేసుకుంటూ నెలల తరబడి నిలబెట్టుకోగలిగిన వేగం ఇదే.

ఎంత తగ్గాలి అని అడిగావు. నీ బీఎంఐ, అంటే ఎత్తుకు తగిన బరువు ఉందా అని చూసే లెక్క, 30 దాటింది. మన భారతీయులకు 23 దాటితేనే అధిక బరువు అనీ, 25 దాటితే స్థూలకాయం అనీ వైద్యులు లెక్క వేస్తారు, మగవాళ్లకు నడుము 90 సెంటీమీటర్లు మించకూడదంటారు. అలాగని ఇప్పుడే 70 కిలోల మీద దృష్టి పెట్టకు. ఉన్న బరువులో అయిదు నుంచి పది శాతం, అంటే నీకు అయిదు నుంచి తొమ్మిది కిలోలు తగ్గినా రక్తపోటు, చక్కెర, కొలెస్ట్రాల్ చెప్పుకోదగినంతగా మెరుగుపడతాయి. మొదటి మజిలీ అక్కడ పెట్టుకో.

ఇక అసలు విషయం. "రోజూ రెండు గంటలు జిమ్ చేస్తున్నాను కదా అత్తా, శనివారం బిర్యానీ తింటే ఏమవుతుంది" అని రాశావు. బిర్యానీ తిను, నాకు అభ్యంతరం లేదు. ఆ "కదా" అన్న మాట మీదే నా అభ్యంతరమంతా. తిండికీ వ్యాయామానికీ ఒకే ఖాతా తెరిచి, ఇక్కడ ఖర్చు చేశాను కనుక అక్కడ జమ వేసుకుంటాను అనుకున్నవాళ్లు బరువు తగ్గగా నేను చూడలేదు. మా ఇంటికి దగ్గరలోని లాల్‌బాగ్‌లో ప్రతి ఉదయం ఇది కళ్లారా కనిపిస్తుంది. తెల్లవారకముందే వచ్చి, గుట్ట ఎక్కి దిగి, చెరువు చుట్టూ తిరిగి, ఎనిమిది గంటలకల్లా ఆ నడిచిన గుంపే బసవనగుడి వైపు హోటళ్ల ముందు బెణ్ణె మసాలె దోసె కోసం వరుసలో నిలబడి ఉంటుంది. లెక్క చూద్దాం. తొంభై కిలోల మనిషి గంటసేపు చురుగ్గా నడిస్తే 300 నుంచి 350 కేలరీల దాకా ఖర్చవుతాయి. ఒక పెద్ద చెంచా నూనెలో 120 కేలరీలు ఉంటాయి, అంటే గంట నడక మూడు చెంచాల నూనెతో సరి. వెన్న వేసి ఎర్రగా కాల్చిన దోసె, దానిలోని బంగాళదుంప కూర, కొబ్బరి పచ్చడి, చక్కెర వేసిన కాఫీ, వీటన్నిటి ముందు ఆ నడక ఏ మూలకు వస్తుంది? పైగా నడిచి వచ్చామన్న ధీమాతో రెండో దోసె కూడా చెప్పేస్తాం.

కనుక ఈ రెండింటి పనులూ వేరువేరని గుర్తుపెట్టుకో. బరువును దించేది ప్రధానంగా తిండి. దిగేటప్పుడు కొవ్వుతోపాటు కండ కూడా కరిగిపోకుండా ఆపేదీ, దిగిన బరువు మళ్లీ ఎక్కకుండా కాపాడేదీ వ్యాయామం. తిండి తగ్గించి వ్యాయామం మానేస్తే బరువుతోపాటు బలమూ పోతుంది. వ్యాయామం పెంచి తిండిని పట్టించుకోకపోతే ఆకలి రెట్టింపై పెట్టిన శ్రమంతా తినేస్తుంది.

అన్నం మానేయడం గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను: మళ్లీ తినడం మొదలుపెట్టు. మన సీమవాళ్లం అన్నమో సంగటో లేకుండా ఎన్నాళ్లు ఉండగలం? వండిన అన్నం వంద గ్రాములకు సుమారు 130 కేలరీలు మాత్రమే. బరువు పెంచేది అన్నం ఎన్నిసార్లు వడ్డించుకున్నామన్నదీ, దాని మీద ఏం పోసుకున్నామన్నదీ. ఇక్కడ మరో భ్రమ కూడా తొలగించాలి. రాగులు తింటే సన్నబడతారని ఊరంతా నమ్ముతోంది. రాగుల్లో కాల్షియం వంద గ్రాములకు 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, పీచు ఉంటుంది, ముద్ద కడుపులో నిలకడగా ఉంటుంది, ఆ మేలు నిజమే. కానీ కేలరీల్లో రాగిపిండికీ బియ్యానికీ పెద్ద తేడా లేదు. తలకాయంత ముద్ద తిని తగ్గడం లేదని బాధపడితే అది రాగుల తప్పు కాదు.

ఆదివారాలు నువ్వు వెళ్లే ఆంధ్రా మెస్‌నే తీసుకో. అరిటాకు వేయగానే వడ్డించే అబ్బాయి అన్నం కుప్పగా పోస్తాడు. వెనకాలే ఇంకొకడు వచ్చి కందిపొడి వేసి, వద్దనేలోపే దాని మీద నెయ్యి రెండు చెంచాలు ధారగా పోసేస్తాడు. పప్పు వచ్చేలోపే సగం కుప్ప పొడితోనే అయిపోతుంది, పప్పు రాగానే మళ్లీ అన్నం, సాంబారుకు మళ్లీ, రసానికి మళ్లీ, పెరుగుకు చివరగా ఒకసారి. ఆ పక్కన చారెడు వేపుడు కూర మాత్రం కదలకుండా ఉంటుంది. మెస్‌కు వెళ్లడం మానేయమని చెప్పను, చెప్పినా నువ్వు వినవు. వరుస మార్చు. ముందు కూరలు అడిగి తిను, ఆకుకూర పప్పు ఇంకోసారి వేయించుకో, అన్నం మొదట పెట్టినదానిలోనే పొడికీ, పప్పుకూ, పెరుగుకూ భాగాలు చేసుకో, నెయ్యి ఒక చెంచా దగ్గర చెయ్యి అడ్డం పెట్టు. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కూడా పళ్లెంలో సగం కూరగాయలూ పండ్లూ ఉండాలనే చెబుతుంది. మెస్‌లో అంత కుదరదు కానీ, ఆ దిశగా ఒక అడుగైనా వేసినట్టు అవుతుంది.

పీజీలో నీ చేతిలో లేనివి చాలా ఉన్నాయి. పొద్దున పూరీ, మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్, రాత్రి నూనె తేలే కుర్మా. ఇందులో అన్నిటికంటే పెద్ద లోపం నూనె కూడా కాదు, మాంసకృత్తులు చాలకపోవడం. మామూలు మనిషికి కిలో బరువుకు రోజూ 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. బరువు తగ్గేవాళ్లకు కండ నిలవడానికి ఇంకొంత ఎక్కువ మంచిది కనుక నువ్వు రోజుకు 75 నుంచి 90 గ్రాములు చూసుకో. పీజీ వాళ్లు పోసే పలచని పప్పు కప్పు తాగితే ఆరు గ్రాములు రావడమే గొప్ప. గుడ్డుకు ఆరు గ్రాములు, రెండు వందల గ్రాముల పెరుగుకు ఆరేడు, వండిన చికెన్ వంద గ్రాములకు పాతిక పైన, యాభై గ్రాముల సోయా ముక్కలకు సుమారు పాతిక. గదిలో కెటిల్ ఉందన్నావు కనుక గుడ్లు ఉడకబెట్టుకోవడానికీ, సోయా నానబెట్టుకోవడానికీ ఇబ్బంది లేదు. నానిన పెసలు రుబ్బి నూనె తక్కువగా వేసి కాల్చిన పెసరట్టుకు మించిన పొద్దుటి తిండి నాకు తెలియదు. మా ఇంటికి వచ్చినప్పుడు అదే పెడతాను. చలికాలంలో ఈ ఊరంతా అనపకాయలే, ఇక్కడివాళ్లు అవరెకాయి అంటారు. పితికిన పప్పు చేయించుకుని తింటే రుచికి రుచి, ప్రొటీన్‌కు ప్రొటీన్. ప్రొటీన్ పౌడర్ డబ్బా కొన్నావు కనుక పారేయకు, లోటు పడిన రోజున ఒక చెంచా వాడుకో. మూత్రపిండాల పరీక్ష చూడకుండా రోజుకు రెండేసి మూడేసి గ్లాసులు మాత్రం తాగవద్దు.

వ్యాయామంలో రెండు పూటలా జిమ్ ఇప్పుడే ఆపు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యరకం శ్రమ, దానితోపాటు వారంలో కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే కసరత్తు. నడిచేటప్పుడు మాట్లాడగలగాలి గానీ పాట పాడలేనంత ఆయాసం ఉండాలి, అదే మధ్యరకం శ్రమకు గుర్తు. నువ్వు వారానికి మూడు రోజులు జిమ్‌కు వెళ్లి బరువులు చెయ్యి. జిమ్ కుదరని రోజున గదిలోనే దండీలు, బస్కీలు తీస్తే సరిపోతుంది. మోకాళ్లు మొరాయిస్తే కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి దండీలు తీయడం మొదలుపెట్టు. మిగిలిన రోజులు నడక. మధ్యాహ్నం క్యాంటీన్ నుంచి సీటుకు తిరిగి వెళ్లకుండా క్యాంపస్‌లో పదిహేను నిమిషాలు, రాత్రి భోజనం తరువాత పదిహేను నిమిషాలు నడిచినా భోజనానంతరం రక్తంలో చక్కెర అదుపులో ఉంటుంది, మీ నాన్నకు ఉన్న మధుమేహం నీకు కూడా రాకుండా ఉండాలంటే ఈ అలవాటు ఎంతో అవసరం. ఆదివారం పర్పుల్ లైన్ మెట్రో ఎక్కి నేరుగా కబ్బన్ పార్క్‌లో దిగు, ఆ రోజు లోపలి రోడ్ల మీద వాహనాలు తిరగవు కనుక ఎంతసేపైనా నడవవచ్చు.

చెమట గురించి ఒక మాట. ఈ ఊరి చల్లదనానికి చెమట పట్టడం లేదని మందపాటి జాకెట్ వేసుకుని పరిగెత్తుతున్నానని రాశావు. అది మానెయ్. చెమటతో పోయేది నీరే, రెండు గ్లాసులు తాగగానే తిరిగి వస్తుంది. ఇక్కడ దాహం తక్కువ వేస్తుంది కాబట్టి నీళ్లు తాగడం మరిచిపోతాం, అది మరింత చేటు.

నిద్ర సంగతికి వస్తే, ఒంటిగంటకు పడుకుని ఆరింటికి జిమ్‌కు పరిగెత్తడం నాకు నచ్చలేదు. నిద్ర చాలనప్పుడు ఆకలి పెంచే హార్మోను పెరిగి, కడుపు నిండిందని చెప్పే హార్మోను తగ్గుతుంది. రాత్రి కాల్స్ అయ్యాక పన్నెండింటికి స్విగ్గీ తెరిచేది ఆకలితో కాదు, నిద్రలేమితో. కాల్ ఉన్న రోజున ఎనిమిదింటికే భోజనం చేసేసి, పొద్దున జిమ్ మానుకుని ఏడు గంటలైనా నిద్రపో. ఆ రోజు వ్యాయామం పోయిందని బెంగ పెట్టుకోకు.

వారానికోసారి తీసుకునే ఇంజెక్షన్ల గురించి కూడా అడిగావు. 2025లో మన మార్కెట్లోకి వచ్చిన టిర్జెపటైడ్ లాంటి మందులు ఆకలిని తగ్గించి బరువు దించుతాయి, అందులో సందేహం లేదు. అవి అవసరమా కాదా అన్నది డాక్టరు నిర్ణయించాలి, స్నేహితులు కాదు. తీసుకున్నా కండ కరగకుండా ప్రొటీన్, బరువుల కసరత్తు ఎలాగూ తప్పవు. మందు ఆపాక బరువు తిరిగి రావడం మామూలే కనుక ఇప్పుడు నేర్చుకోవలసిన అలవాట్లు అప్పుడైనా నేర్చుకోక తప్పదు.

తూకం వారానికి ఒక్కసారే, ఒకే రోజున, పొద్దున్నే పరగడుపున చూసుకో. బొడ్డు దగ్గర నడుము కొలత నెలకోసారి రాసిపెట్టుకో. ముల్లు కదలని వారాల్లో కూడా టేపు కదులుతుంది. 84 దాకా వచ్చాక మళ్లీ ఆగిపోతావు, ముందే చెబుతున్నాను. తేలికైన ఒంటికి ఖర్చు కూడా తక్కువే కనుక మొదట పనికొచ్చిన కొలత అప్పుడు చాలదు. ఆ సమయంలో భోజనం మానేయకుండా రోజుకు ఒక చెంచా నూనె తగ్గించి, నడక మరో పదిహేను నిమిషాలు పెంచి, నెలరోజులు వేచి చూడు. సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు అరిసెలు వద్దని మీ అమ్మ మనసు నొప్పించకు. పండగ మూడు రోజులూ బరువు పెరగకుండా ఉంటే చాలు, తగ్గడం తిరిగి వచ్చాక చూసుకోవచ్చు.

వీటన్నిటికంటే ముందు చేయవలసిన పని ఒకటుంది. మా అన్నయ్యకు చిన్న వయసులోనే మధుమేహం వచ్చింది కనుక ఈ వారంలోనే పరగడుపు చక్కెర, మూడు నెలల సగటు చక్కెర చెప్పే హెచ్‌బీఏ1సీ, థైరాయిడ్, కొలెస్ట్రాల్, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షలు చేయించుకుని, రక్తపోటు చూపించుకో. ఆ కాగితాలు తీసుకుని వచ్చే ఆదివారం ఇంటికి రా. ఉదయమే వస్తే లాల్‌బాగ్‌కు వెళ్లి నడిచి వద్దాం, టిఫిన్ మాత్రం ఇంట్లోనే.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య