పేటెంట్ మాట తర్వాత, ముందు డ్రాయింగ్ ఎవరికిస్తున్నారో చూడండి

మన దేశంలాంటి చోట చిన్న కంపెనీలు తమ డిజైన్లు, ఫార్ములాలు ఎలా కాపాడుకుంటాయి, పేటెంట్‌తో పనవుతుందా అని అడిగారు. గాజువాక ఆటోనగర్‌లో మాకు చిన్న మెషిన్ షాపు ఉంది. మాలాంటి వాళ్లను నిలబెట్టేది గుట్టు బయటపడకుండా చూసుకోవడమే.

మా నాన్న సముద్రపు నీళ్లు తోడే పంపులకు గన్‌మెటల్ (రాగి, తగరం, జింకు కలిపిన లోహం) ఇంపెల్లర్లు, అంటే పంపు లోపల తిరిగి నీటిని నెట్టే రెక్కల చక్రాలు చేసేవారు. రెక్కలు ఉప్పునీటికి త్వరగా అరిగిపోతున్నాయని వంపు మార్చి, రాగి, తగరం, జింకు పాళ్లు మార్చి ఒకటి కుదిర్చారు. ఒక పెద్ద కంపెనీ వాళ్లు అప్రూవల్‌కి పూర్తి డ్రాయింగ్ కావాలన్నారు. ఇవ్వకపోతే ఆర్డరే లేదు. కొన్నాళ్లు ఆర్డర్లు వచ్చి ఆగిపోయాయి. మా దగ్గర మానేసి వేరే షాపులో చేరిన టర్నర్ (లేత్ మీద పనిచేసేవాడు) ఒకరోజు ఫోన్ చేశాడు: "అన్నా, మన డ్రాయింగే ఇక్కడ టేబుల్ మీదుంది. కింద మీ షాపు పేరు మాత్రం కొట్టేశారు." నాన్న ఆ పూట అన్నం ముట్టలేదు. అయితే ఆ షాపువాళ్లు కరిగించి పోసిన లోహాన్ని చెక్కేటప్పుడు పిన్‌హోల్స్, అంటే సన్నని రంధ్రాలు బయటపడుతున్నాయని కూడా అతనే చెప్పాడు. లోహం పాళ్లు, కరిగించే పద్ధతి డ్రాయింగ్‌లో ఉండవు కదా!

  

పేటెంట్ హక్కు 20 ఏళ్లు ఉంటుంది, నిజమే. కానీ దరఖాస్తు మామూలుగా 18 నెలలకు అందరూ చదివేలా అచ్చవుతుంది. కేసు నడపడానికి డబ్బున్నవాడికే అది ఆయుధం. మానేసినవాడు పోటీ షాపులో చేరకూడదని రాయించుకున్నా, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు నిలవదు. మన పక్కనే ఏటికొప్పాక బొమ్మలకు 2017లో జీఐ (ఫలానా ఊరి సరుకు అన్న గుర్తింపు) వచ్చింది, సంతోషమే. అది ఆ పేరును కాపాడుతుంది. అలాంటి బొమ్మనే ఇంకో పేరుతో అమ్మేవాణ్ని ఆపలేదు.

అందుకే ఇప్పుడు అప్రూవల్‌కి బోర్ (షాఫ్ట్ పట్టే మధ్య రంధ్రం), కీవే (షాఫ్ట్‌కు బిగించే గాడి), బయటి వ్యాసం కొలతలు మాత్రమే ఇస్తాం. రెక్కల వంపు కావాలంటే శాంపిల్ బిగించి నడిపి చూసుకోమంటాం. అచ్చు తీయడానికి వాడే చెక్క ప్యాటర్న్‌ను ఫౌండ్రీలో (లోహం కరిగించి పోసేచోట) వదలం, పోత కాగానే ఇంటికి తెచ్చేస్తాం.