తరుగు లెక్క తెరమీద కనబడాలి

ప్రశ్న: మాది గుంటూరు. మామగారు మొదలుపెట్టిన మిర్చి వ్యాపారం ఇప్పుడు నేను, మావారు చూసుకుంటున్నాం. ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ. ఒక కోల్డ్ స్టోరేజీ, ఊరి బయట కారం మిల్లు, హైదరాబాద్‌లో డిపో ఉన్నాయి. టర్నోవరు 30 కోట్లు దాటింది. ఖాతాలు ట్యాలీలో, స్టాకు ఎక్సెల్‌లో, కాటా చీటీలు పుస్తకంలో ఉంటాయి. ఈ లెక్కలన్నీ కలిపి చూసుకునే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్ పెట్టుకుందామంటే ముగ్గురొచ్చి మూడు రకాలు చెప్పారు. ఒకరు మా ఆఫీసులోనే సర్వర్ పెట్టి అన్నీ ఒకే సాఫ్ట్‌వేర్‌లో ఇస్తామన్నారు. ఇంకొకరు అంతా క్లౌడ్, అంటే నెట్ మీద వాళ్ల సర్వర్‌లోనే, మనిషికి నెలకింత అన్నారు. మూడో ఆయన ట్యాలీని అలాగే ఉంచి, స్టాకుకొకటి, మిల్లుకొకటి కొని కలుపుకోమన్నారు. ఏప్రిల్ 1కి మొదలుపెట్టేద్దామని అందరిదీ ఒకటే తొందర. మాకు ఏది మేలు?
ఓ పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ ఉత్తరంలో ఒక మాట కోసం వెతికాను, కనబడలేదు. తరుగు. మార్చిలో కోల్డ్ స్టోరేజీలో పెట్టిన మిర్చి బస్తా, అదే టిక్కీ, నవంబరులో తీస్తే అదే తూకం రాదని మీకు నేను చెప్పాలా? మిల్లులో తొడిమ తీస్తే మళ్లీ కొంత పోతుంది. మీరు సరుకును టిక్కీల్లోనూ చూస్తారు, కిలోల్లోనూ చూస్తారు. మామూలు సాఫ్ట్‌వేర్లు టిక్కీకి 40 కిలోలని ఒకసారి రాసుకుంటే ఎప్పుడూ 40తోనే గుణిస్తాయి.

అందుకని ముందు ముగ్గురినీ పిలిచి ఈ ఒక్క పని చేసి చూపించమనండి. 100 టిక్కీలు, 4,120 కిలోలు లోపలికి వచ్చాయి. అందులో 60 టిక్కీలు బయటికి పోయాయి, కాటా మీద 2,431 కిలోలు తూగాయి. మిగిలిన 40 టిక్కీలకు తెరమీద ఎన్ని కిలోలు చూపిస్తోంది? ఊరికే తీసేస్తే 1,689 వస్తుంది. వచ్చిన తూకం ప్రకారమైతే టిక్కీకి 41.2 చొప్పున 1,648 ఉండాలి. ఆ తేడా 41 కిలోలు గోడౌన్‌లో ఉండవు, పుస్తకంలోనే ఉంటాయి. వాటిని తరుగు ఖాతాకు రాసి చూపించగలిగినవాళ్లతోనే మిగతా మాటలు మాట్లాడండి. ధర సంగతి ఆ తర్వాతే.

ఇక ఆ మూడు రకాలు. సొంత సర్వర్ మీద అన్నీ ఒకే డేటాబేస్‌లో ఉంటాయి. కాటా చీటీ సేవ్ చేసిన క్షణమే స్టాకు, పార్టీ ఖాతా రెండూ మారతాయి. నెట్ పోయినా ఆఫీసులో పని ఆగదు. మీకు కావలసినట్టు మార్పించుకోవచ్చు కూడా. నాకు భయమంతా ఆ మార్పుల దగ్గరే. నేను ఓ స్పిన్నింగ్ మిల్లులో అకౌంట్స్ చూసే రోజుల్లో అలాంటి సాఫ్ట్‌వేర్‌నే మా పద్ధతికి తగ్గట్టు ఏళ్ల తరబడి మార్పించుకుంటూ పోయాం. 2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. కంపెనీ పంపిన అప్‌డేట్ వేస్తే మా మార్పులన్నీ పోతాయి, వేయకపోతే కొత్త పన్ను బిల్లు రాదు. పదకొండు రోజులు చేత్తో బిల్లులు రాశాం. గేటు దగ్గర నూలు లారీలు వరసగా నిలబడి ఉంటే ఆ బిల్లు పుస్తకం పట్టుకుని పరుగెత్తడం నేను మర్చిపోలేదు.

పెద్దవాళ్లకూ ఈ దెబ్బ తగిలింది. జర్మనీ సూపర్ మార్కెట్ల సంస్థ లిడ్ల్ సరుకు విలువను కొన్న ధరతో కడుతుంది. వాళ్లు తీసుకున్న ఎస్ఏపీ అనే పెద్ద ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్ పద్ధతి అమ్మే ధరతో కడుతుంది. తమ పద్ధతి వదలకుండా సాఫ్ట్‌వేర్‌ను వంచుతూ పోయి, సుమారు 50 కోట్ల యూరోలు ఖర్చయ్యాక 2018లో మొత్తం ఆపేశారు.

క్లౌడ్ సంగతి మీకు మీ కోల్డ్ స్టోరేజీతోనే చెప్పొచ్చు. ఒకే ఛాంబర్‌లో పది మంది రైతుల సరుకు ఉంటుంది. కరెంటు, మెషిన్, వాచ్‌మన్ ఖర్చు అందరికీ పంచుకుపోతుంది. కానీ చల్లదనం ఎంత ఉండాలో ఏ ఒక్క రైతూ చెప్పలేడు. నెలవారీ క్లౌడ్ అలాంటిదే. అప్‌డేట్లు, బ్యాకప్‌ల టెన్షన్ మీకుండదు, లోపలి లెక్క మార్చే వీలూ ఉండదు. రైతు బాండు (సరుకు దాచినట్టు మీరిచ్చిన రసీదు) చూపిస్తే సరుకు ఎలా తిరిగిస్తారో, అలా మీరు అడిగిన రోజున మీ డేటా అంతా తిరిగి ఇస్తారా అన్నది ఒప్పందంలో రాయించుకోండి. ఎన్ని రోజుల్లో, ఏ రూపంలో అన్నది కూడా. మీది కంపెనీ కాబట్టి ఖాతాల బ్యాకప్ రోజూ మన దేశంలోని సర్వర్‌లో ఉండాలి. ఎవరు ఏ ఎంట్రీ ఎప్పుడు మార్చారో చూపే ఆడిట్ ట్రెయిల్ 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి. ఈ రెండూ ముగ్గురినీ అడగండి.

మూడో పద్ధతి ఇవాళ చవకగా కనిపిస్తుంది. ఒక ముక్క నచ్చకపోతే అదొక్కటే మార్చుకోవచ్చు, నిజమే. కానీ ఒకే కమీషన్ ఏజెంటు మూడు చోట్ల మూడు పేర్లతో ఉంటాడు. నెలాఖరుకు స్టాకు విలువ ఖాతాతో కలవకపోతే, తప్పు అవతలి సాఫ్ట్‌వేర్‌దని ఎవరికి వారు చెబుతారు. కలిపి చూసుకునే పని మీ అకౌంటెంట్ నెత్తిన పడుతుంది. మీకు ఇది వద్దంటాను.

నా సలహా ఇదీ: కొనుగోలు, స్టాకు, అమ్మకం, ఖాతాలు ఒకే క్లౌడ్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టండి, దాని లోపల ఏమీ మార్పించొద్దు. కాటా ప్రోగ్రాం మాత్రం కాటా దగ్గరి కంప్యూటర్‌లోనే ఉండాలి. నెట్ లేనప్పుడు చీటీలు దాచుకుని, వచ్చాక పైకి పంపాలి. సీజన్‌లో రైతు టిక్కీలు దింపి నిలబడి ఉంటే నెట్ వచ్చేదాకా ఆగమనలేం కదా. తరుగు పరీక్షలో క్లౌడ్‌వాళ్లు ఓడిపోతే అప్పుడు సొంత సర్వర్‌కి వెళ్లండి. అలాగైతే కోడ్ మన చేతికిచ్చే ఈఆర్‌పీనెక్స్ట్ లాంటిది చూడండి. దాన్ని చూసుకునే మనిషికి జీతం కూడా లెక్కలో వేసుకోండి.

ఏప్రిల్ 1 మాత్రం ఒప్పుకోవద్దు. ఓపెనింగ్ బ్యాలెన్సులు సులువని వాళ్లు ఆ తేదీ అడుగుతారు, కానీ అది మిర్చి యార్డు నిండా సరుకున్న సమయం. అమెరికా చాక్లెట్ కంపెనీ హెర్షీ 1999లో హాలోవీన్ ఆర్డర్లు మొదలయ్యే జులైలో కొత్త సిస్టమ్‌కి మారింది. గోడౌన్‌లో చాక్లెట్లు ఉండి కూడా సుమారు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లు పంపలేకపోయింది. మీరు యార్డు వేసవి సెలవుల్లో టిక్కీలు కదలనప్పుడు ఛాంబర్ ఛాంబర్‌గా లెక్కపెట్టించి, జూన్ 30 ట్రయల్ బ్యాలెన్స్‌తో జులై 1న మొదలుపెట్టండి. జీఎస్టీ నెల కూడా అక్కడే మొదలవుతుంది.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఓ విదేశీ కంపెనీ శాఖలో అకౌంట్స్ చూస్తున్నాను. పైవాళ్లది ఎస్ఏపీ. మాకు వేరే చిన్న సాఫ్ట్‌వేర్ ఇస్తారట, దాన్ని ‘టూ టియర్’ అంటున్నారు. మా ఉద్యోగాలకు ముప్పా?
ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: భయపడకండి. పెద్ద సిస్టమ్ పైన, శాఖకు సరిపడే చిన్నది కింద, నెలనెలా మొత్తాలు కింది నుంచి పైకి. అంతే దాని అర్థం. ఎస్ఏపీ పాత వెర్షన్ ఈసీసీకి మామూలు సపోర్టు 2027 చివరితో ఆగిపోతుంది కాబట్టి, కొత్తదానికి మారే కంపెనీల్లో కొన్ని శాఖల్ని ఇలా విడదీస్తున్నాయి. జీఎస్టీ, టీడీఎస్, ఈ-ఇన్‌వాయిస్ మీ దగ్గరే తేలతాయి, అది మీకు మంచిదే. ఇబ్బందంతా ఖాతా కోడ్‌ల దగ్గర వస్తుంది. మీ కోడ్‌కు ఎదురుగా వాళ్ల కోడ్ రాసిన పట్టిక ఒకటి ఉంటుంది. దాన్ని ఎవరు చూస్తారో ఇంకా తేలకపోతే, ఆ పని మీరే అడిగి తీసుకోండి.