లోకల్ లోపమే కదా అని ప్యాచ్ వాయిదా వేయవచ్చా?

మీరు అడిగింది ఇది: సర్వర్ ఆఫీసు నెట్‌వర్క్‌లోనే ఉంది, లాగిన్లు తెలిసినవాళ్ళకే ఇచ్చారు, వచ్చిన అప్‌డేట్ ‘లోకల్ ప్రివిలేజ్ ఎస్కలేషన్’ లోపానికి, అంటే లోపల ఉన్న మామూలు యూజర్ తనకు లేని పై హక్కులు సంపాదించుకోగలిగే లోపానికి. నెలాఖరు దాకా ఆగవచ్చా? ఆగకండి. నేను ఒకసారి ఆగాను.

2022 జనవరిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో లినక్స్ సర్వర్ చూసుకునేవాణ్ణి. పిల్లలందరికీ అందులో మామూలు అకౌంట్లు ఉండేవి, సీ ప్రోగ్రాములు అక్కడే కంపైల్ చేసుకునేవాళ్ళు. ఆ నెల 25న క్వాలిస్ అనే సెక్యూరిటీ సంస్థ లినక్స్‌లోని ‘పోన్‌కిట్’ లోపాన్ని బయటపెట్టింది. లోపాల జాబితాలో దాని నంబరు సీవీఈ-2021-4034. వార్త చదివాను. ‘లోకల్’ అన్న మాట చూసి, ల్యాబ్ పరీక్షలు అయ్యాక చేద్దాంలే అనుకున్నాను.

మూడో రోజు సెకండియర్ అబ్బాయి ఒకడు వచ్చి, “సార్, ఒక్కసారి చూడండి, నేనేమీ పాడుచేయలేదు” అంటూ స్క్రీన్ చూపించాడు. మామూలు యూజర్‌కి డాలర్ గుర్తు ఉండాల్సిన చోట హ్యాష్ గుర్తు ఉంది. రూట్! అంటే సర్వర్ మీద సర్వాధికారాలూ ఉన్న యూజర్. పాస్‌వర్డ్ అడగనే లేదు. నెట్‌లో దొరికిన చిన్న సీ ప్రోగ్రాం, అంతే. ఇంటర్నల్ మార్కుల ఫైళ్ళు అదే సర్వర్‌లో ఉన్నాయి. నా గుండె జారిపోయింది.

లోపం పోల్‌కిట్ (ఎవరికి ఏ హక్కు ఇవ్వాలో చూసే లినక్స్ భాగం)లోని పీకేఎగ్జెక్ అనే ప్రోగ్రాంలో ఉంది. అది సెట్‌యూఐడీ ప్రోగ్రాం, అంటే ఎవరు నడిపినా రూట్ హక్కులతోనే నడుస్తుంది. ఏ ప్రోగ్రాంకైనా ఆర్గ్యుమెంట్ల (నడిపేటప్పుడు దానికి ఇచ్చే మాటల) జాబితాలో మొదటిది దాని పేరే కాబట్టి కనీసం ఒకటైనా ఉంటుందని రాసినవాళ్ళు అనుకున్నారు. జాబితా ఖాళీగా పంపితే కోడ్ దాన్ని దాటి, మెమొరీలో ఆ పక్కనే ఉన్న ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (ప్రోగ్రాంకు అందే సెట్టింగులు)లోకి వెళ్ళి రాసేస్తుంది. ప్రమాదకరమని సిస్టమ్ ముందే తీసేసిన వేరియబుల్ అలా తిరిగి వచ్చేస్తుంది. దాని ద్వారా దాడి చేసేవాడు రాసిన కోడ్ ఉన్న లైబ్రరీ ఫైలు రూట్ హక్కులతో లోడ్ అవుతుంది. 2009 మే నుంచీ ఈ లోపం ఉంది. ఉబుంటు, డెబియన్, ఫెడోరా, సెంటోస్ అన్నిటిలో, మామూలుగా ఇన్‌స్టాల్ చేస్తే చాలు.

ఆ అబ్బాయి పక్కనుండగానే పీకేఎగ్జెక్ ఫైల్ మీది సెట్‌యూఐడీ బిట్ (రూట్ హక్కులతో నడిపించే గుర్తు) తీసేశాను. తర్వాత ప్యాకేజీ అప్‌డేట్ చేశాను. రీబూట్ కూడా అక్కర్లేదు, పది నిమిషాల పని. (అదే ఏడాది మార్చిలో వచ్చిన డర్టీ పైప్ లాంటి లోపాలు లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్‌లోనే ఉంటాయి, వాటికి మామూలుగా రీబూట్ తప్పదు.)

అసలు టెన్షన్ ఆ తర్వాత మొదలైంది. లాగ్‌లో ఆ అబ్బాయి ప్రయత్నం తాలూకు లైను కనిపించింది. కానీ జాడ మిగల్చకుండా కూడా ఈ దాడి చేయవచ్చని క్వాలిస్ వాళ్ళే రాశారు. ఆ మూడు రోజుల్లో ఇంకెవరైనా చేశారా? తేల్చుకునే దారి లేదు. పరీక్షల మధ్యలో సర్వర్ మొత్తం మళ్ళీ ఇన్‌స్టాల్ చేసి, అందరి పాస్‌వర్డ్‌లూ మార్చాను.

మీకు విద్యార్థులు లేకపోవచ్చు. కానీ ‘లోకల్’ అంటే ఆ మెషీన్ ముందు కూర్చున్న మనిషి అని కాదు, దానిమీద కోడ్ నడపగలిగే ఎవరైనా. ఆ సర్వర్‌లో వెబ్ అప్లికేషన్ ఉందా? దాని అప్‌లోడ్ ఫారంలో ఒక్క తప్పుంటే చాలు, దాడి చేసేవాడు వెబ్ సర్వర్ యూజర్‌గా లోపలికి వస్తాడు. అక్కడినుంచి రూట్ దాకా తీసుకెళ్ళేది ఇలాంటి లోపమే. మానేసి వెళ్ళిన ఉద్యోగుల అకౌంట్లు ఇంకా ఉన్నాయేమో కూడా చూడండి. కానీ ముందు ప్యాచ్ వేయండి, ఈరోజే.