అక్క కన్ను మళ్ళ మసకైందంటే ముందుగాల ఏం చూడాలె

అల్లుడా,

"అమ్మకు మోతిబిందు మళ్ళొచ్చింది మామా" అని మెసేజ్ పెట్టినవ్ గదా, మోతిబిందు (శుక్లం) మళ్ళ రాదురా, ఆపరేషన్ల తీసింది తీసినట్టే. కాకపోతే లెన్స్ ఏసేటప్పుడు దాని ఎనక పల్చటి సంచి పొర ఉంచుతరు, రెండేండ్లకో అయిదేండ్లకో అది మసకబారుతది. నొప్పి ఉండది, ఎరుపు ఉండది, మెల్లమెల్లగ చూపు తగ్గుతది, రాత్రిపూట బండ్ల లైట్లు చెదిరినట్టు కొడ్తయి. దానికి యాగ్ లేజర్ కొడ్తరు, కోత గీత ఏంలేదు, కుర్చీల కూసోబెట్టి నిమిషాల్ల అయిపోతది. ఎక్కువ మందికి గిదే ఉంటది. కాని గిదే అయ్యుంటదని మీరే అనుకొని దసరా ఎల్లినంక పోదాం అనొద్దు. నర్సంపేట, పరకాల దిక్కు కంటి క్యాంపుల్ల చాకిరి చేసి రిటైరైనోన్ని, అందుకే ఇంతగనం చెప్తున్న.

ముందుగాల అక్కను ఒక్కో కన్ను మూసి చూడమను. ఆపరేషనైన కన్నొక్కటే తెరిచినా మనిషి ఇద్దరు లెక్క కనవడ్తే, లేకుంటే చూపుల వంకర గీత లెక్క అడ్డమొస్తే, లెన్స్ పక్కకు జరిగి ఉండొచ్చు. గిది మంచిగున్నోళ్ళకు కూడ ఎనిమిది పదేండ్లకు జరుగుతది, అరుదే అనుకో, లెన్స్ ని పట్టుకున్న సన్నటి దారాలు వదులైతే జారుతది, కంటికి ఎప్పుడన్న గట్టిగ దెబ్బ తాకినోళ్ళకు ఇంకింత భయం.

అసలు భయపడాల్సింది రెటీనా, అంటే కంటి ఎనకాల ఉండే చూపు పొర, ఊడితే. కంట్ల మెరుపులు, ఒక్కపారే నల్ల చుక్కలు ఎక్కువవుడు, ఒక పక్క నుంచి తెర దించినట్టు చీకటి. అక్కకు చిన్నప్పటి సంది మైనస్ అద్దాలు, గసుంటోళ్ళకు గిది ఎక్కువ. నొప్పి లేదు గదా అని ఆగద్దు, అదే రోజు పోవాలె, వరంగల్ కంటి దవాఖానల చూసి హైదరాబాద్ పొమ్మంటే మెహిదీపట్నం సరోజినీదేవి గాని ఎల్వీ ప్రసాద్ గాని, ఆ రాత్రే బయల్దేరు.

పొద్దుగాల లేవంగనే బాగ మసకుండి మధ్యాహ్నంకల్లా తేటగైతుందా అడుగు. అట్లైతే ముందరి నల్లగుడ్డు పొరల (కార్నియాల) నీరు చేరుతున్నట్టు. కన్ను ఎర్రగయ్యి, చుక్కలేస్తే తగ్గి, ఆపంగనే మళ్ళ ఎర్రగైతే లోపల ఇన్ఫెక్షన్ మెల్లగ దాగి ఉండొచ్చు, ఆపరేషనైన నెలలకు, ఏండ్లకు కూడ బయటపడ్తది. మెడికల్ షాపుల పాత చీటీ చూపెట్టి స్టెరాయిడ్ చుక్కలు మళ్ళ తెచ్చి ఏసుకునుడు మనూళ్ళ పెద్ద రోగం, రోగం కప్పేస్తది, పైనుంచి కంటి ప్రెషర్ పెంచుతది.

డాక్టర్ తోని కంటిపాప పెద్దగయ్యే చుక్కలేసి ఎనక రెటీనా చూడమను, కంటి ప్రెషర్ కొలవమను. ఆ చుక్కలేసినంక ఎండకు కండ్లు తెరవరాదు, బండి మీద కాదు బస్సుల తీస్కపో, నల్లద్దాలు పెట్టియ్యి. షుగర్ చీటీ, ఆపరేషన్ కాయితం, లెన్స్ స్టిక్కర్ అంటించిన కార్డు తప్పకుండ పట్టుకపో. బీరువాల పట్టుచీరల కింద చూడు, అక్క కాయితాలన్ని ఆడ్నే పెడ్తది.

మీ మామ