సారా ఉద్యమం కాగితాలు ఎక్కడ దొరుకుతాయి? నేను తిరిగిన దారి ఇది

మీరు అడిగింది ఇదీ: "1992 నాటి సారా వ్యతిరేక ఉద్యమం మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. జీవోలు, అసెంబ్లీ చర్చలు, మహిళా సంఘాల కరపత్రాలు అన్నీ ఒకే చోట దొరికే ఆర్కైవ్ ఏదైనా ఉందా?"

ఒకే చోట దొరకవండీ. పదిహేనేళ్ల కిందట నేనూ ఇదే ఆశతో తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కి వెళ్లాను. మొగలుల కాలం నాటి పర్షియన్ కాగితాలు, నిజాం దఫ్తర్ల ఫైళ్లు ఉండే చోటు అది. 1992 ఫైళ్ల కోసం వచ్చానంటే పక్క బల్ల మీద చదువుకుంటున్న ఒక పెద్దాయన నవ్వాడు. "అంత పచ్చి కాగితాలు ఇక్కడికి ఎందుకొస్తాయి బాబూ" అన్నాడు. ఆ మాటతో నాకు నెల రోజులు కలిసొచ్చాయి.

ముందు జీవోల సంగతి. నెల్లూరు జిల్లాలో 1993 ఏప్రిల్‌లో, రాష్ట్రమంతటా అదే ఏడాది అక్టోబర్ 1న సారా ఆపేశారు. 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం, 1997లో చంద్రబాబు దాన్ని సడలించడం. ఈ తేదీలు ఏ పుస్తకంలోనైనా ఉంటాయి. మీకు కావలసింది జీవో అసలు పాఠం కన్నా దాని నెత్తిన ఉండే "చూడుము" జాబితా. ఏ కలెక్టర్ ఎప్పుడు రాసిన లేఖ, ఎక్సైజ్ కమిషనర్ ఏ నంబరుతో పంపిన ప్రతిపాదన, అన్నీ అక్కడ వరసగా ఉంటాయి. ఒక జీవో దొరికితే వెనక్కి లాగడానికి తీగ దొరికినట్టే. ఆర్.టి. అని ఉన్నవి రొటీన్ ఉత్తర్వులు, ఎక్కువగా బదిలీలూ సెలవులూ. విధానానికి సంబంధించినవి ఎం.ఎస్. వరసలో వెతకండి.

ఆ లేఖల కోసం ఆర్టీఐ పెట్టాలి. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు మీకు తెలిసే ఉంటాయి. ఇరవై ఏళ్లు దాటిన విషయాలకు 8(3) సెక్షన్ కింద చాలా మినహాయింపులు వర్తించవు. దరఖాస్తులో ఈ ముక్క రాయండి. నేను మాత్రం ఒక పొరపాటు చేశాను. ఒక జిల్లా కార్యాలయానికి "సారా వేలంపాటలకు సంబంధించిన ఫైళ్లన్నీ ఇవ్వండి" అని రాసి పడేశాను. "సదరు ఫైళ్లు లభ్యం కాలేదు" అని ఒక్క ముక్క జవాబొచ్చింది. మండిపోయింది. తర్వాత ఒక రిటైర్డ్ సూపరింటెండెంట్ చెప్పారు: ఫైలు ముగించేటప్పుడు దాని మీద ఆర్.డిస్. అని వేస్తే శాశ్వతంగా ఉంచాలి, డి.డిస్. అని వేస్తే పదేళ్లకు తగలబెట్టేయొచ్చు. కాబట్టి ఫైలు అడగకండి, ముందు రిజిస్టర్ అడగండి. అందులో నంబరూ, డిస్పోజల్ రకమూ చూసుకుని అప్పుడు ఆ ఫైలు పేరు పెట్టి అడగండి. నంబరు చేతిలో ఉన్నవాడికి "లభ్యం కాలేదు" అని చెప్పడం కష్టం.

అసెంబ్లీ చర్చల అచ్చు సంపుటాలు చదవడం తేలిక. సభ్యులు తెలుగులో మాట్లాడింది తెలుగులోనే ఉంటుంది, ఎవరు అడ్డుతగిలారో కూడా ఉంటుంది.

పత్రికల దగ్గర చాలామంది తప్పటడుగు వేస్తారు. ఈనాడు "సారాపై సమరం" పేరుతో ఆ రోజుల్లో పెద్ద ఎత్తున వార్తలు వేసింది. అయితే 1989 నుంచే ఆ పత్రికకు జిల్లా వార్తల కోసం విడిగా చిన్న సైజు టాబ్లాయిడ్లు ఉండేవి. నెల్లూరు జిల్లా దూబగుంట ఊళ్లో ఆడవాళ్లు ఏం చేశారన్నది, వేలంపాటలు ఎన్నిసార్లు వాయిదా పడ్డాయన్నది వివరంగా రావడం నెల్లూరు ఎడిషన్‌లోనే. హైదరాబాద్ లైబ్రరీలో బైండు చేసిన సిటీ ఎడిషన్ తిరగేసి "వార్తలు తక్కువే వచ్చాయి" అని థీసిస్‌లో రాసిన మనిషిని నేనెరుగుదును. లైబ్రరీకి వెళ్లగానే ఏ ఎడిషన్ అని అడగండి. వేటపాలెం సారస్వత నికేతనం 1918 నుంచీ ఉంది. పాత పత్రికలకు అంత మంచి చోటు కోస్తాలో తక్కువ. గాంధీగారి విరిగిన చేతికర్ర కూడా అక్కడే ఉంది, ఎలాగూ వెళ్తారు కాబట్టి చూసి రండి.

ఇక హైదరాబాద్‌లో మహిళా ఉద్యమాలకు అన్వేషి అనే మహిళా అధ్యయన కేంద్రం, వామపక్ష సంఘాల ప్రచురణలకు బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం. 2000 ఆగస్టు వరదలో సుందరయ్య కేంద్రంలోకి నీళ్లొచ్చి అక్కడి పాత ఉర్దూ పుస్తకాలూ పత్రికలూ తడిసిపోయాయి. అలాంటివి విన్నాక, దొరికిన కాగితాన్ని ఆ రోజే ఫోటో తీసుకోవడం అలవాటైంది నాకు.

కరపత్రాలు మాత్రం మనుషుల ఇళ్లలోనే. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంలో పనిచేసిన ఒక టీచరమ్మ ఇంటికి వెళ్తే, "ఏం అబ్బయా, మూడు నెలల ముందు రాకూడదా, సగం చెదలు తినె, సగం పాత పేపర్లోడికి ఏస్తి" అంటూ అటక మీంచి రేకుపెట్టె దింపించింది. అందులో పందొమ్మిది కరపత్రాలు. ఒక్కదాని మీదా సంవత్సరం లేదు. ఉద్యమంలో ఉన్నవాళ్లకు అది ఏ సంవత్సరమో తెలుసు కదా, ఎందుకు వేస్తారు! ఒకదాని మీద "సెప్టెంబర్ 13 ఆదివారం" అని ఉంది. పాత క్యాలెండర్లు చూస్తే 1991లో ఆ రోజు శుక్రవారం, 93లో సోమవారం. ఆదివారం పడింది 1992లోనే. ఇలా తారీఖూ వారమూ కలిపి చూసి పదకొండింటికి సంవత్సరం తేల్చాను. మిగతావాటికి అడుగున ఉన్న ప్రెస్ పేరు పనికొచ్చింది. అచ్చువేసినవాళ్ల పేరూ ఊరూ వేయాలని అప్పట్లో చట్టమే ఉండేది, కాబట్టి ఆ సన్నటి అక్షరాలు వదలకండి.

ఆ పందొమ్మిదింట్లో రెండింటిని జాగ్రత్త పేరుతో లామినేషన్ చేయించాను. ఏడాదిన్నరకు లోపల సిరా అలుక్కుపోయి పసుపురంగు ముద్ద మిగిలింది. దయచేసి ఆ పని చేయకండి. సెల్లోటేపు కూడా అంటించొద్దు. మామూలు కాగితపు కవరు చాలు.

ఇంకొకటి: రెండో వైపు కూడా ఫోటో తీయండి. నా దగ్గరున్న ఒక కరపత్రం వెనక పెన్సిల్‌తో లెక్క రాసి ఉంది. పద్నాలుగు మంది ఆడవాళ్ల పేర్లు, ఒక్కొక్కరి ఎదురుగా రెండు రూపాయలు, కింద "ట్రాక్టరు డీజిలు" అని కొట్టేసి "బస్సు" అని.